పిక్రోస్ అంటే చేదు

పోయిన మంగళవారం సాయంత్రం చపాతీ పిండి కలుపుతుంటే మా అమ్మాయి నా చేయి పట్టుకుని, "మమ్మీ, బొటనవేలికి పసుపు అంటింది, కడుక్కోలేదా?" అని అడిగింది. కడుక్కున్నాను. సబ్బుతో ఒకసారి, గిన్నెలు తోమే పీచుతో ఇంకోసారి. అయినా గోరు పక్కన ఆ రంగు అలాగే ఉండిపోయింది. అది వంటింటి పసుపు కాదు. మధ్యాహ్నం ల్యాబ్‌లో రక్తపరీక్షల యంత్రానికి మందు సీసా బిగిస్తుంటే, గ్లవుజు చిరిగిన చోట ఒక చుక్క పడింది. పిక్రిక్ ఆమ్లం. ఒకసారి అంటితే ఆ చర్మం పొరలుగా రాలిపోయేదాకా వదలదు. పిండి చేత్తో అలాగే నిలబడి వేలు చూసుకున్నాను. ఆ రోజు నేను సంతకం పెట్టి పంపిన రిపోర్టులన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను. ఈ అలవాటు నాకు ఎస్తేరక్క నుంచి వచ్చింది. ఆమె కుడిచేతి మూడు వేళ్ళు నేను చూసినన్నాళ్ళూ ఆ రంగులోనే ఉండేవి.

నేను ఆమె దగ్గర పనిలో చేరేనాటికి నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. గోదావరిఖని బస్టాండు వెనక వీధిలో ఒక డాక్టరు గారి క్లినిక్కు ఉండేది. దాని పక్క గదే ల్యాబు. రంగు ఎంత ముదిరిందో అంకెగా చూపే ఒక కలరీమీటరు, ఒక మైక్రోస్కోపు, రక్తం గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం, కిటికీ కింద ఒక రాతి బల్ల. ఎస్తేరక్క తండ్రి గనిలో బొగ్గు టబ్బులు తోసి పిల్లలను చదివించాడు. భర్త దేవదానం బావ బొగ్గు పొరకు రంధ్రాలు వేసి మందు పేల్చే పని చేసి అప్పటికే రిటైరయ్యాడు. ఆమెకు యాభై దాటాయి. సన్నగా, నిటారుగా ఉండేది. ఎవరైనా పిలిస్తే ముందు ఉలిక్కిపడేది, తర్వాత పలికేది. డాక్టరు గారితో సహా అందరికీ ఆమె అక్కే.

మొదటి రోజే నన్ను అలమారా ముందు నిలబెట్టింది. కింది అరలో ఒక్క సీసా, దాని చుట్టూ ఇంకేమీ లేవు. లోపల పసుపుపచ్చని పలుకులు, వాటి మీద నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు.

"ఇదేందో తెల్సా?"

"పిక్రిక్ యాసిడ్ అక్కా. క్రియాటినిన్ టెస్టుకు."

"పిక్రిక్ అంటే ఏంది?"

నేను చదివిన పుస్తకంలో అది లేదు. తెలియదన్నాను.

"దినాం చేతవట్టుకునే దాని పేరుకు అర్థం తెల్వకుంటె ఎట్ల? పిక్రోస్ అంటె చేదు. గ్రీకు మాట. పాతకాలంల ఎవలో నాలిక మీద పెట్టుకొని చూసిండ్రు, చేదున్నదని ఆ పేరు పెట్టిండ్రు. మనం నాలిక మీద పెట్టద్దు, ఇది విషం. మనం కండ్లతోని చూడాలె." తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "నీళ్ళల్ల ఉన్నంత సేపు మంచిదే. ఎండితె మాత్రం మీ బావ గనిల పేల్చిన మందుకు దీనికి ఫరక్ లేదు. మూత తిప్పినా చాలు."

భయం కాదా అని అడిగాను. "అయితది," అంది. "గందుకే సోమవారం సోమవారం నీళ్ళు చూస్త." నిజంగానే చూసేది. సోమవారం పొద్దున కోటు వేసుకోకముందే, చేతి సంచి కింద పెట్టకముందే, అలమారా ముందు మోకాళ్ళ మీద కూర్చుని సీసాలో నీటి మట్టం చూసి, అప్పుడు గట్టిగా ఊపిరి వదిలేది. మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి వెళ్ళి చూసిన రోజులూ ఉన్నాయి.

ఆ గ్రీకు ఆమెకు పాస్టరు గారి దగ్గర నుంచి వచ్చింది. ఆయన ఎక్కడో మతవిద్య చదువుకునేటప్పుడు ఆ భాష నేర్చుకున్నారట. ఆదివారం ప్రార్థన ముగిశాక ఆడవాళ్ళంతా చర్చి ముందు మాట్లాడుకుంటుంటే, ఎస్తేరక్క మందుల పేర్లు, రోగాల పేర్లు రాసుకున్న చీటీ పట్టుకుని ఆయన కోసం కాచుకుని ఉండేది. ఆయన చెప్పినవన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో ఎక్కించింది. చేదుకు ఒక పేజీ మొత్తం ఉంది. పిక్రిక్ ఆమ్లం, దాని లవణం పిక్రేట్. పిక్రోటాక్సిన్ అంటే చేదు విషం, కుంటల్లో చేపలకు మత్తెక్కించడానికి చల్లే కాకమారి గింజల్లో ఉండేది. పిక్రోరైజా అంటే చేదు వేరు. "మన కటుకరోహిణే," అని పక్కన తెలుగులో రాసి, కింద గీత గీసింది. ఒకరోజు నాటు మందుల దుకాణం నుంచి ఆ వేరు ముక్క తెచ్చి, "ఇది తినొచ్చు, పెట్టుకో," అని నా నాలుక మీద పెట్టింది. నేను ముఖం వికారంగా పెట్టి బయటికి పరుగెత్తి ఉమ్మేశాను. ఆమె నవ్వుతూ నీళ్ళు ఇచ్చింది. ఆ నవ్వు చూడటం నాకు అదే మొదటిసారి. "ఇగ మర్వవు," అంది.

మిగతా సమయమంతా ఆమె ఫికర్‌లోనే, ఏదో ఒక దిగులుతోనే ఉండేది. గొట్టం మీద పేరు మూడుసార్లు చదివేది. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది. రిపోర్టు కాగితం ఇచ్చేశాక మనిషి గేటు దాటుతుంటే మళ్ళీ పిలిచి, కాగితం తీసుకుని అంకెలు చూసి ఇచ్చేది. నాకు విసుగొచ్చేది. ఇది జాగ్రత్త కాదు, ఒక రకమైన జబ్బు అనుకునేదాన్ని. "ఏం కాదక్కా, ఫికర్ చెయ్యకు," అని ఒకసారి అన్నాను. ఆమె చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది. "ఆ మాట ఇంటికాడ చెప్పు. ఇక్కడ ఫికర్ చెయ్యాలె. ఫికర్ లేనోళ్ళు ఈ పనికి రావద్దు," అంది. ఆ తర్వాత రెండు రోజులు నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను చేరిన ఏడో నెలలో, వానాకాలంలో, ఎస్తేరక్క మొదటిసారి నన్ను ఒంటరిగా వదిలి మంచిర్యాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది. ఆ పొద్దున నస్పూర్ కాలనీ నుంచి శంకరయ్య అనే గని కార్మికుడు భార్యతో కలిసి క్లినిక్కుకు వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. నాలుగు రోజులుగా జ్వరం, కళ్ళు పచ్చబడ్డాయి, నడవలేకపోతున్నాడు. కాలేయం దగ్గర ఏదో అడ్డుపడిందని డాక్టరు గారు అనుమానించారు. నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్ చేయించాలి, ఆ మందు కిడ్నీలు బాగుంటేనే ఎక్కించాలి. అందుకే క్రియాటినిన్ చూడమన్నారు. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం అది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పేరుకుంటుంది.

నేను రక్తం తీసి, గడ్డ పైన తేరే సీరం వేరు చేసి, పిక్రేటు కలిపాను. క్రియాటినిన్ ఎంత ఎక్కువుంటే ఆ పసుపు అంతగా నారింజకు తిరగాలి. రంగు కొద్దిగానే మారింది. అంకె ఒకటిన్నర లోపే వచ్చింది. కొంచెం ఎక్కువ, అంతే. అదీ కిడ్నీలు పంపాల్సిన వ్యర్థమే అయిన యూరియా మాత్రం, నలభై దాటకూడనిది, నూట అరవై దాటింది. అది చూసి ఒక్క క్షణం ఆగాను. జ్వరంలో నీళ్ళు సరిగ్గా తాగి ఉండడులే అనుకున్నాను. బయట బెంచీ మీద ఇంకా ఆరుగురు ఉన్నారు. రెండు అంకెలూ రాసి సంతకం పెట్టాను. క్రియాటినిన్ పర్వాలేదని చూసి డాక్టరు గారు కరీంనగర్‌లో స్కాన్‌కు చీటీ రాశారు. ఒంటి గంట బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు. అంతమందిని ఒక్కదాన్నే చూసుకున్నానని నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది.

రెండున్నరకు ఎస్తేరక్క వచ్చింది. పెళ్ళి భోజనం ముగియకముందే బయల్దేరిందట. ఇంటికి వెళ్ళకుండా, పట్టుచీరతోనే నేరుగా ల్యాబ్‌కు వచ్చింది. నన్ను పలకరించకుండా స్టాండులో గొట్టాలు చూసుకుంటూ పోయి, ఒక దాని దగ్గర ఆగింది. దాన్ని తీసి కిటికీ వెలుగుకు పట్టుకుంది. లోపల సీరం ముదురు పసుపు రంగులో, ఆవనూనెలా ఉంది.

"ఇది ఎవలది?"

చెప్పాను.

"క్రియాటినిన్ ఎంతొచ్చింది?"

చెప్పాను.

"యూరియా?"

చెప్పాను. ఆమె గొట్టం నా ముందుకు చాపింది.

"యూరియా గంతుంటె క్రియాటినిన్ గింతనేనా? సీరం రంగు చూడలేదా సుజాతా? కామెర్ల పసుపు ఇంత ఉంటె పిక్రేటు రంగును మింగేస్తది. ఉన్నదానికంటె తక్కువ చూపెడ్తది. చెప్పిన గద."

చెప్పింది. నోటుబుక్కులో నా చేతే రాయించింది కూడా. వాళ్ళు కరీంనగర్ వెళ్ళారు, నరంలోకి మందు ఎక్కించేస్తారు అని ఎలాగో చెప్పగలిగాను. బస్టాండుకు పరుగెడదాం, తర్వాతి బస్సు పట్టుకుందాం అన్నాను. ఆమె అప్పటికే పట్టుచీర మీద తెల్లకోటు తొడుక్కుంటోంది.

"పోయి ఏం చెప్తవు? అంకె తప్పంటవు. మరి అసలుది ఎంత అని అడుగుతరు. డాక్టర్ సాబ్‌ను లేపు. స్కాన్ కాడికి ఫోన్ చేసి ఆపుమను. నేను మల్ల చేస్త."

మేడ మీద ఇంట్లో కునుకు తీస్తున్న డాక్టరు గారిని లేపాను. ఆయన వెంటనే కిందికి దిగి ఫోను అందుకున్నారు. స్కాన్ సెంటర్ నంబరు ఎంతసేపు కలిపినా బిజీ. శంకరయ్య ఫోన్ నంబరు నేను రిజిస్టరులో రాసుకోలేదు. ఆ గడి ఖాళీగా ఉంది. ఈ పక్క గదిలో ఆయన నంబరు కలుపుతూనే ఉన్నారు, ఆ పక్క గదిలో ఎస్తేరక్క మిగిలిన సీరంలో మాంసకృత్తులు విరిచే మందు పోసి, యంత్రంలో తిప్పి, పైన తేరిన తెల్లని నీటిని వేరే గొట్టంలోకి వంచుతోంది. కామెర్ల పసుపంతా కిందికి దిగిపోయింది. నేను రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడ్డాను. ఆమె గొట్టం మీద పేరు మూడుసార్లు చదివింది. పిక్రేటు పోసి గడియారం చూసింది. ఆ కొద్ది నిమిషాలు మేమిద్దరం ఆ గొట్టాన్ని తప్ప దేన్నీ చూడలేదు. పసుపు కాస్తా నారింజ రంగుకు, తర్వాత ఎర్రటి నారింజకు తిరిగింది. కలరీమీటరు ఆరు దాటి చూపించింది.

అప్పుడే పక్క గదిలో ఫోన్ కలిసింది. డాక్టరు గారి గొంతు వినిపించింది. "శంకరయ్య. నస్పూర్ శంకరయ్య. లోపలికి పంపిండ్రా? ఆపండి. మందు ఎక్కించకండి." అటువైపు మనిషి చూసొస్తానని వెళ్ళాడు. ఎస్తేరక్క గోడకు చేయి ఆనించి కళ్ళు మూసుకుంది. అతను తిరిగి వచ్చి చెప్పాడు: చేతికి సూది పెట్టారు, మందు ఇంకా ఎక్కించలేదు.

డాక్టరు గారు శంకరయ్యనే ఫోన్ దగ్గరికి పిలిపించి, పిక్కల్లో నొప్పి ఉందా, గనిలో నీళ్ళల్లో నిలబడి పని చేశావా అని అడిగారు. రెండు వారాలుగా మోకాటి లోతు నీళ్ళలో పంపు దగ్గర డ్యూటీ అని అతను చెప్పాడు. కామెర్లు, కిడ్నీలు రెండూ కలిసి దెబ్బతిన్నాయని తెలిసేసరికి డాక్టరు గారికి అది వేరే రోగమని అర్థమైంది. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం. శంకరయ్యను అక్కడి నుంచి అక్కడే పెద్ద దవాఖానకు పంపారు. మూడుసార్లు డయాలిసిస్ చేశారు. నెల తిరిగేసరికి ఇంటికి వచ్చాడు.

మనిషి బతికాడని తెలిసిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఇక ఆ సంగతి ముగిసిందనుకున్నాను. ఎస్తేరక్క అలా అనుకోలేదు. "ఆదివారం నస్పూర్ పోదాం. వాళ్ళకు చెప్పాలె," అంది. ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకు అని డాక్టరు గారు కూడా అన్నారు. ఆమె తల ఊపింది గాని మనసు మార్చుకోలేదు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. వాళ్ళు కొడతారేమో, కాలనీలో అందరికీ తెలుస్తుందేమో, మా నాన్న పనిచేసే చోటికి ఈ మాట చేరుతుందేమో, ఇక ఎవరూ నా చేతికి రక్తం ఇవ్వరేమో. బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చాక అడిగాను, "నువ్వు చెప్తవా అక్కా?" అని. ఆమె కిటికీలోంచి చూస్తూనే, "సంతకం ఎవలది?" అంది.

శంకరయ్య కాలనీ క్వార్టరు ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగం మనిషయ్యాడు. మమ్మల్ని గుర్తుపట్టి భార్య లక్ష్మిని పిలిచి కుర్చీలు వేయించాడు. నేను కూర్చోలేదు. నిలబడే, తల వంచుకునే, మొత్తం చెప్పాను. రంగు చూడలేదని, యూరియా అంకె చూసి కూడా ఆలోచించలేదని, నా కాగితం నమ్మి మిమ్మల్ని అంత దూరం పంపారని. చెప్పడం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

లక్ష్మి ముందు మాట్లాడింది. "సూది వెట్టినంక ఆపిండ్రా? ఇంక జెరంత ఆలస్యమైతె?" ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

శంకరయ్య సూది గుచ్చిన ముంజేతి వైపు చూసుకున్నాడు. తర్వాత ఎస్తేరక్కతో అన్నాడు, "మీరు చెప్పకపోతె మాకు ఎన్నటికి తెల్వకపోవు గద మేడం."

"అవును," అంది ఎస్తేరక్క. "గందుకే వచ్చినం."

అతను నా వైపు తిరిగాడు. "కూసో బిడ్డా," అన్నాడు. అప్పుడు కూర్చున్నాను. లక్ష్మి చాయ్ తెచ్చింది. నాకు గ్లాసు అందించేటప్పుడు నేరుగా నా ముఖంలోకి చూసింది. ఆమె కోపం తగ్గలేదు, తగ్గాల్సిన అవసరం కూడా లేదు. ఆ చాయ్ పూర్తిగా తాగాను.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఎస్తేరక్క అడగకుండానే చెప్పింది. "నేను కొత్తగ చేరినప్పుడు ఒకామె రిపోర్టు తప్పు రాసిన. నెల అయినంక తెల్సింది. పోయి చెప్పడానికి ధైర్యం సాలలే. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంట ఉన్న. ఆమె సచ్చిపోయింది. రోగంతోనే పోయిందో, నా కాయితంతోని పోయిందో, ఎవల్ని అడగాలె ఇప్పుడు?" బస్సు వచ్చింది. ఆ మాట ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె తాళం లాగి చూడటానికి వెనక్కి వెళ్తే, నేనూ పక్కనే నడిచి వెళ్ళేదాన్ని.

ఇంకో ఆరేళ్ళు ఆమెతో పనిచేశాను. ఒక పొద్దున రెండు గొట్టాలు పైకెత్తి, "వీటిల్ల ఏది ముదురు?" అని మామూలుగా అడిగింది. కుడిచేతిది అన్నాను. తేడా స్పష్టంగానే ఉంది. ఆమె వాటిని జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. కళ్ళల్లో పొర వచ్చిందని, రంగులు ఒకటిలాగే కనిపిస్తున్నాయని ఎవరికీ చెప్పకుండా అప్పటికి వారం రోజులుగా గమనించుకుంటోందట. ఆ వారం ఆమె ముట్టిన గొట్టాలన్నీ నాతో మళ్ళీ చేయించింది. ఏదీ తప్పు రాలేదు. అయినా మరుసటి రోజు నుంచి రాలేదు. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక కూడా తిరిగి చేరలేదు. ఇంట్లో కూర్చుంటే ఆమెకు ఫికర్ తగ్గుతుందనుకున్నాను. ఎప్పుడు వెళ్ళినా ల్యాబు సంగతులే అడిగేది, ఎవరికి ఎంత వచ్చింది, ఎవరిని మళ్ళీ పిలిపించావు అని. మూడేళ్ళ కింద, నిద్రలోనే పోయింది.

ఇప్పుడు నేను పనిచేసే చోట రోజుకు వందల గొట్టాలు యంత్రంలోకి వెళ్తాయి. కొత్తగా చేరిన పిల్లలు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. మేడంకు టెన్షన్ ఎక్కువ అంటారు. నిజమే. ఆ ఫికర్ తగ్గించుకోవడానికి ఒకప్పుడు ప్రయత్నించాను. ఇప్పుడు మానేశాను. నాకు అంకెలకంటే ముందు మనుషులు గుర్తొచ్చేది దాని వల్లే. ఇన్నేళ్ళలో నా సంతకంతో తప్పు పోయిందని తెలిసింది మూడుసార్లు. మూడుసార్లూ ఫోన్ చేస్తే సరిపోతుందని పక్కవాళ్ళు చెప్పారు. డాక్టర్లకైతే వెంటనే ఫోన్ చేశాను. ఇళ్ళకు మాత్రం స్వయంగానే వెళ్ళాను.

చివరిసారి నిరుడు, కమాన్‌పూర్ దగ్గర ఒక ఊరికి. ఇద్దరు ముసలివాళ్ళ గొట్టాలు తారుమారయ్యాయి. లేని రోగానికి ఒక అవ్వకు అయిదు రోజులు ఉప్పులేని కూడు పెట్టారు, అక్కర్లేని మందులు మింగించారు. ఎండలో ఆటో దిగి ఇల్లు అడుగుతూ వెళ్ళాను. తలుపు కొట్టే ముందు వెనక్కి తిరిగి ఆటో వెళ్ళిపోయిందా అని చూశాను. వెళ్ళిపోయింది. ఆమె కొడుకు, నా వయసు మనిషి, తలుపు తీశాడు.

"మీ అవ్వ రక్తం పరీక్ష చేసింది నేను," అన్నాను. "రిపోర్టుల నేను తప్పు చేసిన."

అతను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. గడప బయట నిలబడే, మొదటి నుంచీ చెప్పాను.